కోళ్ళ ఎక్స్‌పోలో మొదటిసారి స్టాల్ తీస్కున్నాం, 9 చదరపు మీటర్లలో ఏం పెట్టాలి? మెషిన్ మోస్కెళ్ళాలా వద్దా?

అనపర్తి_కుర్రాడు:

అందరికీ నమస్కారం అండి. మాది అనపర్తి పక్కన. నాన్నగారు 22 ఏళ్ళ నుంచి కోళ్ళ ఫారాలకి ఫీడ్ మిక్సర్లు, గ్రైండర్లు చేస్తున్నారు, షెడ్డులో ఏడుగురు పనోళ్ళు ఉన్నారు. ఇన్నాళ్ళూ వ్యాపారం అంతా నోటి మాట మీదే నడిచింది, ఒక రైతు ఇంకో రైతుకి చెప్పడం, ఆయనొచ్చి నాన్నతో టీ తాగి అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళడం. ఇప్పుడు చుట్టుపక్కల ఫారాలన్నిట్లో మా మిక్సర్లే ఉన్నాయి, అవేమో పదేళ్ళయినా పాడవ్వవు, కొత్త ఆర్డర్లు ఎక్కడ్నుంచి వస్తాయి చెప్పండి. అందుకే నేనే పట్టుబట్టి ఈ నవంబర్లో హైదరాబాద్ హైటెక్స్ ఎగ్జిబిషన్ హాల్లో జరిగే పౌల్ట్రీ ఇండియా ఎక్స్‌పోకి చిన్న స్టాల్ బుక్ చేయించాను.

3 బై 3 మీటర్లు, షెల్ స్కీమ్. మూడు పక్కల తెల్ల ప్యానెళ్ళు, ఒక టేబులు, రెండు కుర్చీలు, పైన పేరు పట్టీ, అంతే. ఇప్పుడు ఇంట్లో గొడవ ఏంటంటే నాన్న ఒక్కసారికి 500 కేజీల మేత కలిపే రిబ్బన్ మిక్సర్ (లోపల రిబ్బన్ లాంటి ఇనుప పట్టీ తిరుగుతుంది) లారీలో ఎక్కించి అక్కడ పెట్టాల్సిందే అంటున్నారు, "ఇనుము చూడకుండా ఎవడ్రా కొనేది" అని. నేనేమో పెద్ద ఎల్‌ఈడీ టీవీ పెట్టి వీడియోలు తిప్పితే నీట్‌గా ఉంటుంది అంటున్నా. మెషినే ఆరడుగుల పొడవు ఉంటుంది, అది పెడితే మేం ఎక్కడ నిలబడాలో కూడా తెలీదు. స్టాల్ పెట్టిన అనుభవం ఉన్నోళ్ళు కాస్త చెప్పండి, ఇంకా రెండు నెలల టైముంది.

---

కొండాపూర్_సాంబ:

అన్నీ తర్వాత బ్రో, కొత్త బూట్లు మాత్రం వేస్కెళ్ళకు. మూడు రోజులు కాంక్రీట్ మీద నిలబడాలి.

---

ఆటోనగర్_అన్న:

తమ్ముడూ నేను బెజవాడ ఆటోనగర్, మాది ప్యాకింగ్ మెషిన్ల లైను, తొమ్మిది ఎక్స్‌పోలు చేశా, అందులో మొదటి రెండూ పూర్తిగా దండగ. మీ నాన్నగారు చెప్పిందే మేం మొదటిసారి చేశాం, ఎక్కడో చెప్పను గానీ ఫుల్ సైజ్ మెషిన్ తీస్కెళ్ళాం. హాల్లో సామాను దింపుకోడానికి ఒక టైమిస్తారు, ముందు రోజు వందల స్టాళ్ళ లారీలు ఒకే గేటు దగ్గర క్యూలో ఉంటాయి, మన వంతు వచ్చేసరికి రాత్రి పదకొండు. ఫోర్క్‌లిఫ్ట్ ముందే బుక్ చేస్కోవాలని మాకు తెలీదు. ఆరుగురు మనుషులం పైపులు కింద వేసి దొర్లించుకుంటా తెచ్చాం, ఒకడి కాలి బొటనవేలు నలిగింది. పొద్దున తీరా చూస్తే త్రీ ఫేజ్ కరెంటు మేం ఫారంలో అడగలేదు! స్టాల్‌తో వచ్చేది లైట్లకీ చార్జర్లకీ సరిపోయే సింగిల్ ఫేజ్ ప్లగ్గు. మూడు రోజులు ఆ మెషిన్ కదలకుండా కూర్చుంది, వచ్చినోళ్ళు దాని మీద హ్యాండ్‌బ్యాగులు పెట్టుకుని మాట్లాడేవాళ్ళు.

కాబట్టి ముందు లెక్క చూస్కో. మీ 500 కేజీల దానికి ఏ 7.5 హెచ్‌పీ మోటారో ఉంటుంది అనుకుందాం, హెచ్‌పీకి 746 వాట్లు, అంటే దగ్గర దగ్గర 5.6 కిలోవాట్లు, స్టార్టింగ్‌లో ఇంకా లాగుతుంది. కరెంటు కిలోవాట్ల లెక్కన విడిగా డబ్బు కట్టి ముందే అడగాలి, చివరి రోజు అడిగితే ఎక్కువ కట్టాలి, అది కూడా ఉంటేనే. ఎగ్జిబిటర్ మాన్యువల్ అని ఒక పీడీఎఫ్ పంపుంటారు, నీకు విసుగొచ్చినా సరే కూర్చుని మొత్తం చదువు, కరెంటు ఫారం, ఫర్నిచర్ ఫారం, పేరు పట్టీ మీద అక్షరాల ఫారం, బ్యాడ్జీలు, ఒక్కోదానికి ఒక్కో చివరి తేదీ ఉంటుంది, అన్నీ క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలించు.

అలాగని టీవీ కూడా పెట్టకు. అంటే పెట్టు, కానీ టీవీ ఒక్కటే పెట్టకు. హాల్లో ప్రతి స్టాల్లో టీవీ ఉంటుంది, ఎవడూ చూడడు. నాన్నగారి మాటలో నిజం ఉంది, మన లైన్లో ఇనుముని చేత్తో తట్టి చూస్తేనే నమ్ముతారు. ఇనుము ఉండాలి, 500 కేజీలు అక్కర్లేదు. మీ షెడ్డులోనే 25 కేజీల బుల్లి మిక్సర్ చేయించు, అదే గేజ్ (మందం) రేకు, అదే వెల్డింగ్, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్. రెండు కిలోవాట్లు అడిగితే స్టార్టింగ్ లోడుకి కూడా సరిపోతుంది. ఒక పక్క రేకు కోసేసి మందపాటి యాక్రిలిక్ షీటు బిగించు, లోపల రిబ్బన్ తిరగడం బయటికి కనపడాలి. తిరిగే వస్తువు దగ్గర మనిషి ఆగుతాడు, అది మన బుర్రల్లోనే ఉంది.

టేబులు మాత్రం ముందు అడ్డంగా వెయ్యకు. అందరూ అదే చేస్తారు, పెళ్ళిలో చదివింపుల కౌంటర్ లాగ. టేబులు పక్క ప్యానెల్‌కి ఆనించెయ్, ముందు మొత్తం తెరిచి ఉంచు, జనం లోపలికి అడుగు పెట్టాలి.

---

ఫ్లెక్స్_బాబాయ్:

స్టాల్ డిజైన్లు, ప్రింటింగ్ మా పని, హైదరాబాద్. ఎక్కువ మంది చేసే తప్పులు చెప్తా.

ఒకటి, పేరు. "శ్రీ ఫలానా ఇంజనీరింగ్ వర్క్స్, స్థాపితం ఫలానా, ఐఎస్ఓ" అని నాలుగు లైన్లు. దారిలో నడిచేవాడు మీ స్టాల్ వైపు చూసేది రెండు మూడు సెకన్లు, అందులో మీ కులదైవం పేరు చదివి వాడేం చేస్తాడు? పేరు పట్టీ మీద ఎలాగూ ఉంటుంది. వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో మీరేం చేస్తారో రాయండి, "కోళ్ళ మేత మిక్సర్లు, గ్రైండర్లు", కింద హిందీ, ఇంగ్లీషు. మా లైన్లో ఒక మోటు లెక్క ఉంది, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. 30 అడుగుల నుంచి హాయిగా చదవాలంటే కనీసం 3 అంగుళాలు, నేనైతే 6 వేస్తా.

రెండోది ఎత్తు. ప్యానెళ్ళు సాధారణంగా 2.5 మీటర్లుంటాయి. నడుం కిందున్నదంతా దండగే, అక్కడ టేబులు, మిక్సరు, మనుషుల కాళ్ళు. ఫోన్ నంబర్ తీస్కెళ్ళి అడుగున వేస్తారు, మూడు రోజులూ దాని ముందు కుర్చీయే ఉంటుంది. ముఖ్యమైన మాటలన్నీ నాలుగడుగుల పైన వేయించండి.

మూడోది ఫ్రేము సంగతి. అల్యూమినియం ఫ్రేముల్లో ఒక్కో ప్యానెల్ మీటరు అనుకుంటాం గానీ ఫ్రేము పోను కనపడే తెలుపు మీటరు కంటే తక్కువ ఉంటుంది. మీటర్ కొలతతో విడివిడిగా వినైల్ ప్రింట్ చేయించుకొచ్చి అక్కడ బ్లేడుతో కోస్తూ కూర్చున్నోళ్ళని ఎంతమందిని చూశానో, కోతలో ఫోన్ నంబర్లో చివరి అంకె పోయినోళ్ళు కూడా ఉన్నారు. నా సలహా వెనక గోడ మొత్తానికీ ఒకటే గుడ్డ ప్రింట్ చేయించి పైన ఫ్రేముకి కట్టేయండి, మడతపెట్టి బ్యాగులో పడేయొచ్చు, వచ్చే ఏడు మళ్ళీ పనికొస్తుంది. మేకులు కొట్టనివ్వరు, గమ్ము మరక పడితే డ్యామేజీ కట్టమంటారు. మెరిసే ఫ్లెక్స్ అసలొద్దు, స్పాట్‌లైట్ పడి సగం అక్షరాలు తెల్లగా కొట్టుకుపోతాయి, మ్యాట్ తీస్కోండి.

ఫ్లోర్ ప్లాన్‌లో మీ స్టాల్ పక్కన స్తంభం ఉందేమో చూశారా? ఇప్పుడే చూస్కోండి.

---

తణుకు_లేయర్స్:

నేను మెషిన్లు అమ్మేవాడ్ని కాదండి, కొనేవాడ్ని. 40 వేల లేయర్స్ (గుడ్లు పెట్టే కోళ్ళు) ఉన్నాయి మాకు, మేత మేమే ఆడించుకుంటాం. ఎక్స్‌పోకి దాదాపు ప్రతి ఏడూ వెళ్తా. నా వైపు నుంచి చెప్తా వినండి.

నేను స్టాల్లోకి వెళ్ళగానే కుర్రాళ్ళు బ్రోచరు చేతిలో పెట్టి "సార్ కార్డ్ ఇవ్వండి" అంటారు. కార్డు ఎందుకివ్వాలయ్యా నీకు, నువ్వు నన్నేం అడిగావని? ఒక్కడు, మొన్నామధ్య ఒకే ఒక్కడు, "ఎన్ని వేల బర్డ్స్ అండి మీవి" అని అడిగాడు. 40 వేలు అన్నా. లేయర్ రోజుకి ఇంచుమించు 110 గ్రాములు తింటుంది, వాడు నోటితోనే లెక్కేసి "అంటే రోజుకి నాలుగున్నర టన్నుల దాకా మేత, మీకు అర టన్ను మిక్సరైతే రోజుకి తొమ్మిది బ్యాచులు, మనుషులు విసుక్కుంటారు, టన్ను మిక్సర్ చూడండి" అన్నాడు. నేను అరగంట అక్కడే కూర్చున్నా, టీ కూడా వాడే ఇప్పించాడు. అది స్టాల్ అంటే. అందుకని ఒక బోర్డు మీద పట్టిక వెయ్యండి, 10 వేల బర్డ్స్‌కి 1.1 టన్ను, 25 వేలకి 2.75, 50 వేలకి 5.5, పక్కన దేనికి ఏ సైజు మిక్సర్, ఎన్ని బ్యాచులు అని. రైతు తన నంబర్ తనే వెతుక్కుంటాడు.

ఇంకో సంగతి. మిక్సర్ కొనేటప్పుడు మా భయం ఒకటే, ప్రీమిక్సు (మేతలో కలిపే విటమిన్ల, ఖనిజాల పొడి) టన్నుకి కొన్ని గ్రాములో కేజీలో మాత్రమే పడుతుంది, అది అంతటా సమానంగా కలిసిందో లేదో మాకెలా తెలుస్తుంది? ల్యాబు రిపోర్టు చూపిస్తారు, అది మా కళ్ళకి కనపడదు కదా. మీ దగ్గర బుల్లి మిక్సర్ ఉంటే పదికేజీల మొక్కజొన్న రవ్వ పోసి వంద గ్రాముల ఆవాలు వేసి మా ముందే తిప్పండి, ఆపేసి మూడు మూలల్నుంచి మూడు చెంచాలు తీసి తెల్ల ప్లేట్లో పోసి ఆవాలు లెక్కపెట్టుకోమనండి. ఏ చెంచాలో చూసినా ఇంచుమించు అన్నే ఉంటే ఇంకేం మాట్లాడక్కర్లేదు.

ఒకవేళ తేడాగా వస్తే స్టాల్ మూసేసి ఇంటికొచ్చెయ్యండి 😄

---

అనపర్తి_కుర్రాడు:

ఆవాల ఐడియా అదిరింది అండి!! నాన్నకి చదివి వినిపించా, "ఆవాలేంట్రా, పోపు పెట్టడానికి వెళ్తున్నామా హైదరాబాదు" అన్నారు గానీ సాయంత్రం చూస్తే షెడ్డులో రేకు కోయిస్తున్నారు. స్తంభం లేదు, ప్లాన్ చూశా. కార్నర్ స్టాల్‌కి మారదామా అని ఆలోచిస్తున్నా, రేటు ఎక్కువ చెప్తున్నారు, విలువుంటుందా? గిఫ్టులు ఏమైనా ఇవ్వాలా? మాకు హిందీ అంతంతమాత్రం, ఇద్దరం వెళ్తే సరిపోతుందా?

---

నామక్కల్_కోడలు:

పుట్టిల్లు రాజమండ్రి, మెట్టినిల్లు తమిళనాడులో కోళ్ళకి పేరున్న నామక్కల్, ఉద్యోగం కోళ్ళ మందుల కంపెనీ మార్కెటింగ్‌లో, కాబట్టి ఈ ప్రశ్నకి నేనే రావాలి 🙂

ఇద్దరు చాలరు తమ్ముడు. ఒకరు భోజనానికి వెళ్తారు, ఒకరు ఒక రైతుతో మాట్లాడుతుంటారు, ఆ పది నిమిషాల్లోనే అసలు మనిషి వచ్చి ఎవరూ పలకట్లేదని వెళ్ళిపోతాడు. ముగ్గురు ఉండండి, ఒకరు ఎప్పుడూ దారి వైపు చూస్తూ నిలబడాలి. కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే మాత్రం ఎవరూ లోపలికి రారు, మనల్ని డిస్టర్బ్ చేస్తున్నామేమో అనుకుని మొహమాటంతో వెళ్ళిపోతారు. అక్కడికి మా నామక్కల్ వాళ్ళొస్తారు, హర్యానాలో బర్వాలా వాళ్ళొస్తారు, మహారాష్ట్ర, కర్ణాటక అందరూ వస్తారు. ధారాళంగా హిందీ మాట్లాడే ఒక కుర్రాడిని ఎలాగైనా పట్టుకోండి, కానీ హైదరాబాదులో రోజు కూలికి దొరికే అమ్మాయిల్నో అబ్బాయిల్నో నిలబెట్టి వదిలెయ్యకండి, గేజ్ ఎంత అని అడిగితే వాళ్ళు నవ్వుతారు పాపం. వాళ్ళకి రెండు రోజులు మీ షెడ్డులో ట్రైనింగ్ ఇవ్వండి.

కార్నర్ గురించి, డబ్బు తక్కువైతే ఆ డబ్బు బుల్లి మిక్సర్ మీదా ఆ మూడో మనిషి మీదా పెట్టండి. రెండు పక్కలా తెరిచి ఉంటే మంచిదే, జనం ఎక్కువ కనపడతారు, కాకపోతే ఒక గోడ పోతుంది, మీ పట్టిక ఎక్కడ పెడతారు మరి? గిఫ్టులు వద్దు. సంచులిచ్చే స్టాల్ దగ్గర జనం ఎక్కువుంటారు కానీ వాళ్ళు సంచుల కోసం వచ్చినోళ్ళు.

అన్నిటికన్నా ముఖ్యమైంది రాస్కోవడం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయిస్తే చాలులే అనుకోకండి, అంత జనంలో నెట్ సరిగ్గా అందదు. మామూలు లాంగ్‌నోట్ పుస్తకం పెట్టండి, ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, కార్డు ఉంటే స్టేప్లర్‌తో అక్కడే కొట్టెయ్యండి, కింద మూడే మూడు: ఎన్ని వేల బర్డ్స్, ఇప్పుడు ఏ మెషిన్ ఉంది, ఎప్పటికి కావాలి. పేజీ మూలన ఎర్ర పెన్నుతో 1, 2, 3 వెయ్యండి, 1 అంటే ఈ నెలలో కొనేవాడు, 3 అంటే ఊరికే చూడ్డానికి వచ్చినవాడు. రాత్రి లాడ్జికి వెళ్ళాక ఎంత నిద్రొచ్చినా 1 వేసినోళ్ళందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాలి, ఊరికే థాంక్యూ అని కాదు, "25 వేల బర్డ్స్‌కి అడిగారు కదండి, ఇదిగో ఆ సైజు కొటేషన్" అని. మా కంపెనీలోనే ఒక ఏడాది రెండు వందల కార్డులు రబ్బరు బ్యాండ్ వేసి సొరుగులో పెట్టేసి ఫిబ్రవరిలో తీశారు, అప్పటికి ఎవరు ఎవరో ఎవరికీ గుర్తులేదు.

ఇంకోటి, వెళ్ళకముందే పిలవండి. ఇప్పటిదాకా మీ నాన్నగారి దగ్గర కొన్న రైతులందరికీ ఫోన్ చేసి హాల్ నంబర్, స్టాల్ నంబర్ చెప్పండి. పాత రైతు ఒకాయన మీ స్టాల్లో నిలబడి "ఎనిమిదేళ్ళ నుంచి వాడుతున్నా" అంటే దానికి మించిన బోర్డు లేదు.

---

చిట్టా_ఆవర్జా:

ఎవరూ ముట్టుకోని టాపిక్ నేను చెప్తా, జీఎస్టీ. మీరు ఆంధ్రా, ఎక్స్‌పో తెలంగాణ.

బుల్లి మిక్సర్ అమ్మడానికి కాదు కాబట్టి డెలివరీ చలాన్ మీద తీస్కెళ్ళండి, ఇన్‌వాయిస్ కాదు. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ కాగితం) కావాలి, అందులో ఎగ్జిబిషన్ ఆర్ ఫెయిర్స్ అని విడిగా ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి. తిరుగు ప్రయాణానికి కూడా కాగితాలు ఉండాలి, చాలామంది మర్చిపోతారు. ఆర్డర్లు తీస్కుని అనపర్తి నుంచి బిల్లు వేసి పంపిస్తే ఏ ఇబ్బందీ లేదు, కానీ అక్కడే స్టాల్లో సరుకు అమ్మి డబ్బు తీస్కోవాలనుకుంటే తెలంగాణలో క్యాజువల్ టాక్సబుల్ పర్సన్‌గా (వేరే రాష్ట్రంలో అప్పుడప్పుడు అమ్మేవాళ్ళు తీస్కునేది) రిజిస్ట్రేషన్ తీస్కోవాలి, కనీసం 5 రోజుల ముందు అప్లై చెయ్యాలి, అంచనా టాక్స్ ముందే కట్టాలి.

స్టాల్ అద్దె బిల్లులో మీ ఆంధ్రా జీఎస్టీ నంబర్ వేయించుకోండి, కట్టిన 18 శాతం క్రెడిట్ తీస్కోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. లాడ్జి బిల్లు మీద మాత్రం రాదు, అది తెలంగాణ టాక్సు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చేది) ఉందా? కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ వాళ్ళ ప్రొక్యూర్‌మెంట్ అండ్ మార్కెటింగ్ సపోర్ట్ స్కీమ్ కింద చిన్న యూనిట్లకి స్టాల్ అద్దెలో కొంత వెనక్కిస్తారు, ఎస్సీ, ఎస్టీ, మహిళల యూనిట్లకి ఇంకా ఎక్కువ. అన్ని ఎక్స్‌పోలకీ రాదు, ముందే అప్లై చేసుండాలి, కాబట్టి ఈసారికి కాకపోయినా వచ్చేసారికి ఇప్పుడే కనుక్కోండి.

---

అనపర్తి_కుర్రాడు:

వెళ్ళొచ్చాం అండి. ఎలా జరిగిందో రాస్తానని మాటిచ్చా కాబట్టి రాస్తున్నా.

కార్నర్ తీస్కోలేదు. వెనక మొత్తం ఒకటే గుడ్డ, మ్యాట్. మా ఊరి ప్రింటింగ్ అబ్బాయి హిందీలో తప్పు కొట్టాడు, మిక్సర్లో ఒక అక్షరం ఎగిరిపోయింది, అక్కడికెళ్ళి కట్టాక బర్వాలా నుంచి వచ్చిన ఒక సర్దార్జీ నవ్వుతూ చూపించేదాకా మాకెవరికీ తెలీలేదు. దాని మీద స్టిక్కర్ అంటించా, స్టిక్కర్ వల్ల ఇంకా ఎక్కువ కనపడింది అది.

మొదటి రోజు పొద్దున పన్నెండు దాకా ఒక్కడూ లోపలికి రాలేదు, నాకు కడుపులో తిప్పేసింది. నాన్నగారు తెల్ల చొక్కా వేస్కుని కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నారు. మధ్యాహ్నం నేనే మిక్సర్ ఆన్ చేసి ఆవాలు పోశాను, పక్క స్టాల్ వాళ్ళే ముందు వచ్చారు చూడ్డానికి, వాళ్ళ వెనక నలుగురు, ఆ నలుగురి వెనక ఇంకో పదిమంది. మొదటి చెంచాలో 12 ఆవాలు, రెండోదాన్లో 13, మూడోదాన్లో 11. ఒకాయన నమ్మక జేబులోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ ఆయనే లెక్కపెట్టుకున్నాడు, 12 అని ఒప్పుకున్నాడు. అప్పుడు నాన్న లేచారండి. అక్కడ్నుంచి మూడు రోజులూ కుర్చీలో కూర్చోలేదు. ఆయనకి హిందీ రాదు, అయినా "కిత్నా హజార్ బర్డ్స్" అనే ఒక్క ముక్క నేర్చుకుని దాంతోనే లాగించేశారు.

లాంగ్‌నోట్‌లో 87 పేజీలు నిండాయి. ఒకటో నంబర్ వేసినవి 14. అందులో ఇప్పటికి మూడు అడ్వాన్సులు వచ్చాయి, ఒకటి నామక్కల్ నుంచే, అక్కకి థాంక్స్. ఇద్దరు సీదాగా ఊరికొచ్చి షెడ్డు చూసి వెళ్ళారు. మిగతావాళ్ళకి ఇంకా ఫోన్లు చేస్తున్నా, కొంతమంది ఎత్తట్లేదు. పెట్టిన ఖర్చు మొత్తం వచ్చిందా అంటే ఇంకా రాలేదు, ఆ మూడు మెషిన్లూ డెలివరీ అయ్యాక లెక్క చూడాలి.

చేసిన తప్పు, తణుకు సార్ చెప్పిన పట్టిక బోర్డు పక్క ప్యానెల్ మీద లోపలికి పెట్టా, దారిలోంచి కనపడలేదు. రెండో రోజు పీకి ముందుకి తెచ్చి స్టాండ్ మీద పెట్టాక దాన్ని ఫోటోలు తీస్కున్నోళ్ళే ఎక్కువ. పైగా తెచ్చిన ఆవాలు రెండో రోజుకే అయిపోయాయి, కలిపిన రవ్వలోంచి వేరు చెయ్యలేం కదా, మళ్ళీ కొత్త రవ్వ కొత్త ఆవాలు. కొండాపూర్ వెళ్ళి కిరాణా కొట్లో ఒకేసారి 5 కేజీల ఆవాలు అడిగితే కొట్టతను ఎవరింట్లో పెళ్ళి అన్నాడు.

బుల్లి మిక్సర్‌ని ఒకాయన తనకి అమ్మమన్నాడు, నాన్న ఇవ్వలేదు. ఇప్పుడు షెడ్డులో టార్పాలిన్ కప్పి పెట్టారు, ఎవరొచ్చినా ముందు అదే తిప్పి చూపిస్తున్నారు.